లోపల మడిచిన గుడ్డ

ఏప్రిల్ 4

అత్తా,

ఈ ఉత్తరం ఈ రోజే రాయాలి. సోమవారం నుంచి ల్యాబులో నా బల్ల దగ్గరికి నన్ను రానివ్వరు. అలా ఆర్డరు వచ్చింది. ఆ ఆర్డరుకి కారణం నీ చేతిరాతతో ఉన్న ఒక కాగితం.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు కుట్టుమిషను తొక్కుతూనే మాట్లాడతావు. సగం నీకు వినపడదు, మిగతా సగం వినపడనట్టు ఊరుకుంటావు. పైగా వేళ్ళు మొద్దుబారిపోకుండా రోజూ ఒక పేజీ చేత్తో రాయమని ఫిజియో మేడమ్ చెప్పింది. ఏం రాయాలో తెలియక ఇన్నాళ్ళూ నీళ్ళ పరీక్షల పట్టికలే మళ్ళీ మళ్ళీ ఎక్కిస్తున్నాను. ఇప్పుడు రాయడానికి కావలసినంత దొరికింది.

ఆ కాగితం గుర్తుందా? ఫిబ్రవరిలో మా ఆఫీసు నుంచి నీకు పోస్టులో వచ్చింది. "ఇంట్లో దగ్గరివారు నింపవలసినది" అని పైన ఉంటుంది. నాకు మల్టిపుల్ స్క్లీరోసిస్ అని తేలినప్పటి నుంచి మా వైద్య కమిటీ ఏడాదికోసారి రెండు కాగితాలు అడుగుతోంది. ఒకటి నేను నింపాలి, ఒకటి నన్ను పెంచినదానివి కాబట్టి నువ్వు. పన్నెండు ప్రశ్నలు, అన్నీ ఒకేలా మొదలవుతాయి: ఈ పని ఆమె తనంతట తాను చేసుకోగలదని మీకెంత నమ్మకం? సున్నా నుంచి పది వరకు ఒక అంకె వేయండి. మెట్లెక్కడం. గుండీలు పెట్టుకోవడం. నిండు పాత్ర మోయడం. గంటసేపు నిలబడటం.

నువ్వు పదకొండు చోట్ల రెండు వేశావు. చదవడం, రాయడం దగ్గర మాత్రం మూడు.

అత్తా, నీకు చదవడం నేర్పిందే నేను. నా రెండో తరగతి వాచకం మిషను మీద తెరిచి పెట్టి, నేను అక్షరం చెప్తుంటే నువ్వు కొలతల సుద్దముక్కతో గుడ్డ మీద దిద్దేదానివి. మన ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేను. వెళ్ళకుండానే చదువుకున్న రెండోదానివి నువ్వు. నువ్వు నాకు పదికి మూడు వేస్తావా?

ఆఫీసరు గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టారు. నా దాంట్లో అన్నీ పదులే. నీ దాంట్లో దాదాపు అన్నీ రెళ్ళే. "మీ ఇద్దరిలో ఒకరు తప్పు చెప్తున్నారమ్మా. ఎవరో నాకు తెలీదు. పెంచినావిడ మాట వింటే ఎవరికీ ప్రమాదం ఉండదు" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, నా కడుపుమంట అదే. చెడ్డవాడైతే అక్కడే పోట్లాడేదాన్ని.

ఇక రికార్డు గదిలో కూర్చోవాలట. మే 14న కమిటీ మళ్ళీ సమావేశమవుతుంది. అప్పటికి ఇంటి నుంచి కొత్త కాగితం వస్తే చూస్తారు. రాకపోతే నా బల్ల ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఖాళీ కాగితం ఒకటి దీంతో పెట్టాను.

ఎందుకు రెండు వేశావు? ముందు అదొక్కటి చెప్పు.

నీ గుండుసూది


ఏప్రిల్ 9

ఏమే గుండుసూదీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివా. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి ఇంకా వచ్చింది.

ఎందుకు రెండు వేశావు అంటావేం? నలభై ఏళ్ళుగా బడిపిల్లల బట్టలు కుడుతున్నా. ఏ పిల్లకైనా ఒంటికి సరిగ్గా కత్తిరించి ఇచ్చానా? అంచు దగ్గర రెండంగుళాలు, పక్కల్లో అంగుళం లోపలికి మడిచి కుడతా. పిల్ల ఎదిగితే కుట్టు విప్పి వదులు చేసుకుంటారు. నీ గౌన్లన్నీ అలా కుట్టినవేగా, ఐదో తరగతి గౌను ఏడో తరగతి దాకా వచ్చింది. నీ కాగితమూ అంతే అనుకున్నా. నీకున్న దాంట్లో కొంత లోపలికి మడిచి తక్కువ చూపిస్తే, వాళ్ళు ఓ కుర్చీ వేస్తారు, బరువులు తప్పిస్తారు. మడిచింది ఎక్కడికి పోతుంది? నీ దగ్గరే ఉంటుంది. కావాలన్నప్పుడు విప్పుకుంటావు. చదవడం దగ్గర మూడు ఎందుకంటే, అక్కడ రెండు వెయ్యడానికి చెయ్యి రాలేదు. అది కూడా తప్పేనా?

మరి నీ సంగతేంటి? పదికి పదా? సెలవులకి వచ్చినప్పుడు స్నానాలగదిలో దబ్బున చప్పుడైంది. పడ్డావా అని అడిగితే "బకెట్టు పడింది అత్తా" అన్నావు. మర్నాడు మోచేతి మీద ఇంత మేర కమిలింది ఎవరికి, నీకా బకెట్టుకా? నేను అడగలేదు. అడిగితే ఇంకో అబద్ధం చెప్తావని ఊరుకున్నా.

ఇంకో మాట. నీ ఉత్తరంలో మొదటి పేజీ అక్షరాలు బడిలో ప్రార్థనకి నిలబడ్డట్టు నిలబడ్డాయి. మూడో పేజీకొచ్చేసరికి లైను వదిలేసి కిందికి జారాయి. కుట్టు చూసి, నా దగ్గర నేర్చుకునే పిల్ల పొద్దున కుట్టిందో అలిసిపోయాక కుట్టిందో చెప్పేదాన్ని, నీ రాత చూసి చెప్పలేనా?

రికార్డు గది అంటే ఏడుస్తావేం? కూర్చుని చేసే పని. కాగితాలన్నీ నీ చేతికింద ఉంటాయి. నాకు అది హోదా పెంచినట్టే ఉంది. ఆ గాజు గొట్టాలు పట్టుకుని వేలాడకపోతే ఏం?

ఖాళీ కాగితం మిషను సొరుగులో పడేశా. ఒకసారి కత్తెర పెట్టిన గుడ్డ మీద మళ్ళీ కత్తెర పెట్టను.

వేళకి తిను. ఎండన తిరగకు.

అత్త


ఏప్రిల్ 15

రెండుసార్లు చదివిన అత్తకి, నాలుగుసార్లు చదివిన మేనకోడలు రాస్తున్నది.

నీ హోదా ఎలా ఉందో చెప్తాను విను. రికార్డు గది మూడో అంతస్తులో ఉంది. పైకప్పు రేకు. కిటికీ ఉంది కానీ దానికి అడ్డంగా బీరువా ఉంది. లిఫ్టు లేదు. నువ్వు మెట్ల దగ్గర రెండు వేశావు కదా, ఆ రెండు చూసి నన్ను రోజూ మూడంతస్తులు ఎక్కిస్తున్నారు. నా బల్ల కింది అంతస్తులో ఉండేది. ఈ మాట ఆఫీసరు గారికి చెప్తే ఆయన కాసేపు పైకప్పు వైపు చూసి, "కూర్చుని చేసే పని అక్కడే ఉందమ్మా" అన్నారు.

పైగా వేడి. నీ ఇస్త్రీపెట్టె వైరు మీద తొడుగు ఒకచోట ఊడితే నల్ల టేపు చుట్టావు, గుర్తుందా? మన నరాల మీదా అలాంటి తొడుగే ఉంటుంది. రోగాలతో పోరాడాల్సిన నా ఒంటి కాపలాదార్లే దాన్ని శత్రువనుకుని కొరుకుతున్నారు. తొడుగు పోయినచోట కబురు నెమ్మదిగా నడుస్తుంది. ఒళ్ళు వేడెక్కితే మరీ నెమ్మది. కాళ్ళు బరువెక్కుతాయి, ఎడమకంటి ముందు పొగ కమ్ముతుంది. చల్లబడితే మళ్ళీ దారిలో పడుతుంది. ల్యాబులో యంత్రాల కోసం గది చల్లగా ఉంచుతారు. యంత్రాలకోసమైతేనేం, ఆ చల్లదనం నాకూ తగిలేది. విశ్రాంతి ఇస్తున్నామని నన్ను తీసుకెళ్ళి పొయ్యి మీద పెట్టారు.

స్నానాలగదిలో పడింది నేనే. వేడినీళ్ళు పోసుకున్నాను. నాలుగు చెంబులకే కాళ్ళు నావి కాకుండా పోయాయి. నీకెందుకు చెప్పలేదంటే, చెప్తే నా చేతిలో చెంబు కూడా లాక్కుంటావని. అంతకుముందు ఏడాది జ్వరం వస్తే నాకు దువ్వెన కూడా ముట్టనివ్వలేదు నువ్వు.

గాజు గొట్టాలు పట్టుకుని వేలాడటం అన్నావు. నేను చేసేదేంటో నువ్వెప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈ ఊళ్ళో కుళాయిల్లో వచ్చే నీళ్ళు ముందు నా బల్ల మీదికి వస్తాయి. సీసాలో నీళ్ళు తీసి రంగు కలిపితే ముదురు గులాబీ అవుతుంది. పైన నిలువు గొట్టంలోంచి మందు చుక్కచుక్కగా వదులుతాను, కుడిచేత్తో సీసా తిప్పుతూ ఎడమచేత్తో గొట్టం పిడి మెలిపెడుతూ. ఏమీ జరగదు, ఏమీ జరగదు, ఉన్నట్టుండి ఒకే ఒక్క చుక్కకి మొత్తం నీలం అయిపోతుంది. ఆ చుక్క దగ్గర ఆగాలి. దాన్నిబట్టి ఆ నీళ్ళు ఎంత కఠినమో, సబ్బుకి నురగ వస్తుందో రాదో చెప్తాం. నువ్వు మిషను మీద మలుపు తిప్పేటప్పుడు ఊపిరి బిగబట్టి ఆఖరి కుట్టు దగ్గర ఆపుతావు చూడు, అదే. ఆ పని నీ కాళ్ళ దగ్గర కూర్చునే నేర్చుకున్నాననుకుంటాను.

పదులు పొగరుతో వేశాను. ఒప్పుకుంటున్నాను. "మీకెంత నమ్మకం" అని అడిగితే ఎవరో నన్ను సవాలు చేసినట్టనిపించింది. కానీ నా పొగరుకి నేను మూడంతస్తులు ఎక్కడం లేదు అత్తా. నీ జాగ్రత్తకి ఎక్కుతున్నాను.

ఫిజియో మేడమ్ నాకొక నోటుపుస్తకం ఇచ్చింది. పొద్దున లేవగానే ఈ రోజు ఏ పని ఎంత చేయగలననుకుంటున్నానో అంకె వేయాలి. సాయంత్రం నిజంగా ఎంత చేశానో పక్కన వేయాలి. పది వేసిన రోజుల్లో మధ్యాహ్నానికే గోడ పట్టుకున్నాను. నీ ఉత్తరం వచ్చిన రోజు కోపంగా అన్నిటికీ రెండు వేసి చూశాను. ఆ రోజు నిజంగానే ఏమీ చేయలేదు, మంచం మీంచి లేవలేదు. కాళ్ళు బాగానే ఉన్నాయి. అది చూసి నాకు భయం వేసింది.

సొరుగులోంచి కాగితం తియ్యి.

గుండుసూది


ఏప్రిల్ 20

ఈ ఉత్తరం ఎవరు రాశారు?

నన్ను మోసం చెయ్యకు. నాలుగు పేజీలు, ఒక్క లైనైనా జారలేదు. మొదటి అక్షరం ఎలా ఉందో ఆఖరిదీ అలాగే ఉంది. నీ రాత నాకు తెలీదా? నా సుద్దముక్కతో నేర్చుకున్న రాత అది. పోయినసారి ఉత్తరమూ ఇదీ కటింగు బల్ల మీద పక్కపక్కన పరిచి, అద్దాలు పెట్టుకుని చూశా. చెయ్యి వేరు.

నీ చెయ్యి పడిపోయిందా? కలం పట్టుకోలేక ఎవరి చేతో రాయించి, "గుండుసూది" అని సంతకం కూడా వాళ్ళచేతే పెట్టించావా? మాటలు నీవే, అది తెలుస్తోంది. అంత పొగరు ఇంకెవరికుంటుంది. కానీ చెయ్యి నీది కాదు. మూడు రోజుల నుంచి మిషను ఎక్కలేదు. బడి తెరిచే లోపు ఎన్ని జతలు ఇవ్వాలో నాకే తెలుసు, అయినా ఎక్కలేదు.

దీంతో ఒక కోటు పంపుతున్నా. తెల్ల గుడ్డ, నీ పాత కొలతే. గుండీలు పెట్టలేదు, కాజాలు లేవు. అన్నీ టిచ్ బటన్లే, నొక్కితే పడతాయి. వేసుకో.

లేకపోతే వచ్చేయ్. ఎవరికీ ఏమీ రుజువు చెయ్యక్కర్లేదు. వచ్చినవాళ్ళ కొలతలు నువ్వు రాసిపెడుదువు గాని. రాయలేకపోతే నోటితో చెప్దువు గాని, నేను రాసుకుంటా. నువ్వే నేర్పావుగా.

నిజం చెప్పు తల్లీ.

అత్త


ఏప్రిల్ 27

అత్తా,

రాసింది నేనే.

మూడు పొద్దులు రాశాను. రోజూ ఆరింటికి లేచి, చల్లగా ఉన్నప్పుడు అరగంట మాత్రం. జారడం మొదలయ్యేలోపే ఆపేశాను. నీ పెద్ద కత్తెర పిడికి నువ్వు పాత లైనింగు గుడ్డ చుట్టుకున్నట్టు కలానికి పేలిక చుట్టాను. బొటనవేలు నొప్పి అని నువ్వు కత్తెరకి చుట్టుకుంటే దాన్ని అందరూ పనితనం అంటారు. నేను కలానికి చుడితే నా చెయ్యి పడిపోయినట్టా? వంకరగా రాస్తే అలిసిపోయానంటావు. తిన్నగా రాస్తే రాసింది నేను కాదంటావు. నీ దగ్గర నెగ్గాలంటే ఎలా రాయాలో అదీ చెప్పు.

సరే. ఈ ఉత్తరం ఆపకుండా ఒకే ఊపులో రాస్తున్నాను. ఆదివారం, మధ్యాహ్నం రెండయింది. ఎక్కడ జారుతుందో నీ కళ్ళతో చూసుకో. కొట్టివేతలు కూడా అలాగే ఉంచుతాను.

కోటు విప్పి చూసి మంచం కిందికి తోసేశాను. గుండీలు కూడా పెట్టుకోలేననుకుంది, పసిపిల్లల చొక్కా పంపింది, అనుకున్నాను. రెండు రోజులు దానివైపు చూడలేదు.

ఈ మధ్యలో ఒక పని చేశాను. ఆఫీసరు గారి దగ్గరికి వెళ్ళి, "సార్, పన్నెండు సీసాలు పెట్టండి. ఏ సీసాలో ఏముందో మీకు తెలియాలి, నాకు తెలియకూడదు. కమిటీ ముందే పరీక్ష చేస్తాను" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. "తప్పితే?" అన్నారు. "తప్పితే మూడో అంతస్తు నేనే అడిగి ఎక్కుతాను" అన్నాను. పద్నాలుగో తేదీ పొద్దున పదింటికి ఒప్పుకున్నారు. కానీ ఒక మాట అన్నారు. "బల్ల దగ్గర ఒక గంట నిలబడి చూపించడం వేరమ్మా, ఏడాది పొడుగునా బతకడం వేరు. అది ఇంట్లోవాళ్ళే చెప్పాలి. ఆ కాగితం తెప్పించు."

గాజుసామాను కడిగే అక్క దగ్గర తాళం ఉంటుంది. సారుని అడిగి, ఆఫీసు తెరిచే ముందు గంటసేపు సాధన చేసుకోనిస్తోంది. గురువారం నా పాత కోటు ఉతికి ఆరలేదు. నీది వేసుకెళ్ళాను.

టప్, టప్, టప్, టప్. నాలుగు. అంతే, అయిపోయింది.

ఇక్కడ చెయ్యి బరువెక్కింది, చూశావా? ఆపను.

అత్తా, ఇది ఎవరికీ చెప్పలేదు. పాత కోటు గుండీలకి నాకు రోజూ పదకొండు నిమిషాలు పట్టేది. గడియారం చూసుకునేదాన్ని. గోడవైపు తిరిగి పెట్టుకునేదాన్ని. ఎవరైనా వస్తే ఫోను వచ్చినట్టు నటించేదాన్ని. పొద్దున్నే వేళ్ళలో ఉన్న మంచి అంతా ఆ గుండీలకే ఖర్చయిపోయేది, తర్వాత అలిసిన వేళ్ళతో గొట్టం పట్టుకునేదాన్ని. గుండీలు పెట్టుకోవడం దగ్గర పది వేశాను కదా, ఆ పది నిలబెట్టుకోవడానికి బల్ల దగ్గరి తొమ్మిదిని ఆరు చేసుకున్నానన్నమాట. గురువారం ఆ పదకొండు నిమిషాలూ వేళ్ళకే మిగిలాయి. ఆరు సీసాలు చేశాను. ఆరూ సరిగ్గా వచ్చాయి. అక్క చేతులు తుడుచుకుంటూ, "ఏంటమ్మాయ్, ఇవాళ పాట పాడుకుంటున్నావు?" అంది. పాడుతున్నానని నాకే తెలీదు.

కోటు బాగుంది. నేనింకా కోపంగానే ఉన్నాను.

ఇంకొకటి. అంచు తిప్పి చూశాను. లోపల రెండంగుళాలు మడిచి కుట్టావు. నాకు ఇరవయ్యారేళ్ళు అత్తా. ఇక పొడుగు పెరగను.

చివరి లైన్లు నువ్వే చదువుకో, నాకే సరిగ్గా కనపడటం లేదు. ఇది కూడా నా రాతే.

గుండుసూది


ఏప్రిల్ 30

గుండుసూదీ,

చూశా. రెండో పేజీ సగం నుంచి జారింది. మూడో పేజీలో ఒక లైను ఇంకో లైను మీదెక్కి కూర్చుంది. ఆఖరి నాలుగు లైన్లు చదవడానికి నాకు ఒక పూట పట్టింది. రాసింది నువ్వే. సరేనా?

ఆ రెండంగుళాలు నీ కోసం మడవలేదు. చెయ్యి అలా పోయిందంతే. నా శవానికి గుడ్డ కుట్టమన్నా రెండంగుళాలు వదులుతా.

ఖాళీ కాగితం సొరుగులోంచి తీశా. నీ మీద వేసేముందు నా మీద వేసుకుని చూద్దామనిపించింది. మెట్లెక్కడం: మోకాళ్ళకి నాలుగు. నిండు పాత్ర: మూడు. గంట నిలబడటం: అయ్యో, అరగంటకే నడుం పట్టేస్తుంది, మూడు. గుండీలు పెట్టుకోవడం పది, ఎందుకంటే అది నా కూడు. మొత్తం కూడితే నన్ను కూడా మూడో అంతస్తు ఎక్కించేలా ఉన్నారు. కానీ నేను ఎప్పుడన్నా నిండు పాత్ర మోశానా? సగం సగం రెండుసార్లు మోస్తా. అరగంట నిలబడి కత్తిరిస్తా, అరగంట కూర్చుని కుడతా. ఇన్నేళ్ళూ అదొక లోటని నాకు తోచనే లేదు.

అప్పుడు నాకు ఒకటి తట్టింది. రాయాలంటే సిగ్గేస్తోంది, అయినా రాస్తున్నా. నలభై ఏళ్ళలో ఎదురుగా మనిషి లేకుండా, టేపు పెట్టకుండా, నేను గుడ్డ మీద కత్తెర పెట్టలేదు. ఎంత పెద్దవాళ్ళు చెప్పినా, "అంచనాగా కుట్టేయ్" అంటే పొమ్మన్నా. నీ కాగితం మాత్రం కొలవకుండా కత్తిరించా. నువ్వు బాత్రూములో పడ్డ చప్పుడు ఒక్కటి చెవిలో పెట్టుకుని పన్నెండు చోట్ల కత్తిరించా. ఎక్కడెంత వదలాలో కొలిచిన తర్వాత గదా తెలిసేది.

కాబట్టి ఇప్పుడు కొలవాలి. నేను రాలేను. బడులు తెరిచే లోపు నూట ఇరవై జతలు, మిషను దిగితే ఊరి పిల్లలు బట్టల్లేకుండా బడికి పోతారు. నువ్వు వస్తే ఆ బస్సు వేడికి నీ కాళ్ళు పోతాయి. మరి దూరం ఊళ్ళవాళ్ళు ఏం చేస్తారు? ఆది బట్ట పంపిస్తారు. సరిగ్గా పట్టే పాత జాకెట్టు ఒకటి పంపితే దాన్ని చూసి కొత్తది కత్తిరిస్తాం. నువ్వూ నీ ఆది పంపు. ఒక రోజుది. ఉన్నది ఉన్నట్టు. బిగుతుగా ఉన్నచోట బిగుతు, వదులుగా ఉన్నచోట వదులు.

ఏ వేళ కొలవాలో కూడా చెప్పు. పొద్దున కొలత సాయంత్రానికి సరిపోదు, అది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నీ ఒంటికి ఏ వేళ కొలిస్తే న్యాయం?

అబద్ధం ఒక్కటి దొరికినా కాగితం సొరుగులోకి పోతుంది.

అత్త


మే 4

అత్తా,

ఇదిగో ఆది. నిన్నటి రోజు. పొద్దున్నే రాస్తున్నాను, పేలిక చుట్టిన కలంతో, మధ్యలో రెండుసార్లు ఆగి. నిన్నటి నోటుపుస్తకం పేజీ చింపి దీంతో పెట్టాను. అంకెల్లో కొట్టివేతలుంటే అవి నా పొగరు, వాటిని చదవకు.

ఆరింటికి లేచాను. కుడిచేతి మూడు వేళ్ళు చీమలు పాకినట్టున్నాయి, అది రోజూ ఉండేదే. చల్లనీళ్ళు పోసుకున్నాను, స్టూలు మీద కూర్చుని. ఆ స్టూలు కొని ఎనిమిది నెలలైంది, నీకు చెప్పలేదు. స్టూలు ఉంటే స్నానానికి పది. లేకపోతే, వేడినీళ్ళయితే, ఒకటి. మామూలు గుండీలకి నాలుగు వేయి. పెట్టగలను, కానీ పెట్టాక ఇంకేమీ మిగలదు. టిచ్ బటన్లకి పది. ఆ గడిలో రెండు అంకెలూ రాయి. పక్కన జాగా లేకపోతే వెనక రాయి, వాళ్ళే తిప్పి చదువుకుంటారు.

మెట్లు. పొద్దున ఒక అంతస్తు రెయిలింగు పట్టుకుని ఆరు. రెండోది నాలుగు. మూడో అంతస్తు ఎక్కాక పావుగంట ఎవరితోనూ మాట్లాడను, మాట తడబడుతుంది కాబట్టి. అందరూ నాకు గర్వమనుకుంటారు. మధ్యాహ్నం ఎక్కడం రెండు. చూశావా, నీ రెండు ఒకచోట సరిపోయింది. అక్కడ రెండే వేయి.

నిండు పాత్ర మోయడం సున్నా. ఇంతకాలం మోశాను. రెండుసార్లు ఒలికింది, ఒకసారి పగిలింది, అక్క తుడిచి ఎవరికీ చెప్పలేదు. నిన్న మొదటిసారి, "అక్కా, ఇది నువ్వు పట్టుకో, నేను తలుపు తీస్తాను" అన్నాను. అక్క నవ్వి, "ఆ మాట అడగడానికి నీకు రెండేళ్ళు పట్టింది" అంది. ఆ మాట అనడానికి ఎంత నమ్మకం కావాలో కాగితంలో అడగలేదు. అడిగుంటే నిన్నటికి ఐదు.

బల్ల. సాధన గంటలో పన్నెండు సీసాలూ చేశాను. ఎడమకంటికి ఎరుపు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది, చాలాసార్లు ఉతికిన గుడ్డలాగ. అందుకని రంగు మారే సమయానికి ఆ కన్ను మూసుకుంటాను. ఎవరైనా చూస్తుంటే మూసుకునేదాన్ని కాదు, రెండు కళ్ళతోనే చేసి చుక్క దాటించేసేదాన్ని. నిన్న మూసుకునే చేశాను. పన్నెండూ సరిపోయాయి. తొమ్మిది వేయి. పది వేయకు. సాయంత్రం పని అయ్యాక మళ్ళీ అదే పన్నెండు చేసి చూశాను, నాకు నేనే పరీక్ష పెట్టుకున్నాను. మూడు తప్పాయి. సాయంత్రానికి ఆరు. కాబట్టి ఆ రంగు పరీక్షలు మధ్యాహ్నం పన్నెండు గంటల లోపే చేస్తానని, ఆ తర్వాత పట్టికలు రాస్తానని నా కాగితంలో నేనే రాశాను. నా పదులన్నీ కొట్టేశాను. కొట్టేశాక ఆకలి వేసింది.

ఏ వేళ కొలవాలని అడిగావు. రెండు వేళలా కొలువు. పొద్దున మనిషినీ నేనే, సాయంత్రం మనిషినీ నేనే. ఇద్దరికీ కలిపి ఒకే కోటు కుట్టాలి, అంతే. నూట ఇరవై జతలు కుట్టేదానివి, ఇదొకటి కుట్టలేవా?

చదవడం, రాయడం దగ్గర ఎంత వేయాలో నేను చెప్పను. ఇదీ కలిపి నీ దగ్గర నాలుగు ఉత్తరాలున్నాయి, రెండు జారాయి, రెండు జారలేదు. కటింగు బల్ల మీద పరిచి అద్దాలు పెట్టుకుని నువ్వే తేల్చు. కానీ ఈసారి ఏ అంకె దగ్గరా గుడ్డ లోపలికి మడవకు. మడిచిందాన్ని నేను విప్పుకునేలోపు అవతలివాళ్ళు దాన్నే నా కొలత అనుకుంటున్నారు. తొమ్మిది వేయాల్సిన చోట నీ చెయ్యి వణికితే, వణకనీ. ఆ వణుకు నాది కాదు, నీది. అయినా వేయి.

నువ్వు ఏం వేసినా పద్నాలుగో తేదీ పదింటికి నీ కోటు వేసుకుని వెళ్తాను. కమిటీ ముగ్గురూ చూస్తుండగానే ఎడమకన్ను మూసుకుంటాను. ఎందుకమ్మా అని అడిగితే, అది చూడదు కాబట్టి, ఇది చూస్తుంది కాబట్టి అని చెప్తాను. నిలబడి ఆరు సీసాలు, కూర్చుని ఆరు. స్టూలు నేనే తెచ్చుకుంటాను. అంచులో ఆ రెండంగుళాలు విప్పలేదు, అలాగే ఉన్నాయి. వాటి బరువు తెలీదు.

కాగితం మే 12 సాయంత్రం అయిదు లోపు ఆఫీసులో ఉండాలి. పోస్టుకి రెండు మూడు రోజులు, కాబట్టి ఎనిమిదిన నీ చేతిలోంచి బయల్దేరాలి. దాంతోపాటు నాకు విడిగా ఒక్క లైను రాయి, అదీ పన్నెండో తేదీ లోపే నాకు చేరాలి. ఏం రాస్తావో నీ ఇష్టం. మిషను దిగి రాయి.

గుండుసూది